రెండు వేల అయిదు వందల తొంభై రెండు గంటలు

1990వ సంవత్సరం ఆగస్టు ఆరో తేదీ, సోమవారం, ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు, మన వాణిజ్య చర్చల కార్యాలయం మూడో అంతస్తులో, లిఫ్టు మోటారు గది పక్కనున్న సేవల విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా సంతకం చేసిన పాతికేళ్ల యువతి, 2025 జులై ముప్పై ఒకటో తేదీ సాయంత్రం అదే అంతస్తు నుంచి, అదే విభాగానికి సంచాలకురాలిగా, సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. మన కార్యాలయ పత్రిక కోసం రాసిన ఈ వ్యాసం తొలి ప్రతిలో "ముప్పై అయిదేళ్ల సేవ" అని రాసి ఆవిడకు చూపించాం. ఎర్ర పెన్సిలు తీసి ఆ మాట కింద గీత గీశారు.

"అయిదు రోజులు తక్కువ. అది కూడా రాయండి. ఏళ్లలో చెబితే ఎప్పుడూ ఏదో ఒకటి జారిపోతుంది."

అందువల్ల ముప్పై అయిదేళ్లకు అయిదు రోజులు తక్కువ అనే రాస్తున్నాం. ఆ జారిపోయిన దాని వెంట ఒక మనిషి ఎంత దూరం పరుగెత్తగలరో చెప్పడమే ఈ వ్యాసం పని.

మనలో చాలామందికి ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప కనిపించదు. అందరికీ ఆవిడ గంటల మేడమ్. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని, సమయానికి రానివాళ్లను నిలబెట్టి గంటల తరబడి చీవాట్లు పెడతారేమోనని మొదటి వారం తొమ్మిదింటికే వచ్చి కూర్చుంటారు. రెండో వారంలో అసలు సంగతి తెలుస్తుంది. మేడమ్ దేన్నయినా గంటల్లో కొలుస్తారు. చదువును, అనుభవాన్ని, చివరికి మన టీ విరామాన్ని కూడా.

ఆవిడ చేరిన రోజుల్లో మన కార్యాలయంలో సరుకుల విభాగానిదే రాజ్యం. వాళ్ల గదుల్లో సబ్బులు, పలకలు, బట్టల నమూనాలు బల్లల నిండా ఉండేవి. చూడడానికి వచ్చిన పెద్దలు వాటిని తాకి, వాసన చూసి, ఆనందించి వెళ్లేవాళ్లు. సేవల విభాగంలో చూపించడానికి ఒక ఇనప బీరువా, అందులో ఏడు దేశాల సర్టిఫికెట్ల నకళ్లు తప్ప ఏమీ లేవు. చుట్టుపక్కల ఏడు దేశాలు కలిసి ఒకే విపణిగా ఏర్పడాలని చర్చలు మొదలుపెట్టిన కాలమది. సరుకయితే సుంకం కట్టి సరిహద్దు దాటుతుంది. మనిషి మాత్రం తాను దాటుతాడు గాని, అతను నేర్చుకున్న విద్య ఇవతలే నిలబడిపోతుంది. ఇక్కడ ఇంజనీరు అక్కడ మేస్త్రీ. ఇక్కడ నర్సు అక్కడ ఆయా. ఒక దేశంలో సంపాదించిన వృత్తి అర్హతను మరో దేశం గుర్తించేలా ఒప్పందం కుదర్చడం మన సేవల విభాగం పని. ఆ పనిని కాగితాల పనిగా మొదలుపెట్టి మనుషుల పనిగా మార్చిన ఘనత మేడమ్‌గారిది.

ఆ ఘనత ఒక పొరపాటుతో మొదలయింది. దాన్ని దాచవద్దని ఆవిడే చెప్పారు.

1997లో వైద్య సహాయక వృత్తుల ఒప్పందం ముసాయిదాకు వచ్చింది. అప్పటి మన సంచాలకులు, అందరూ పెద్ద సార్ అని పిలుచుకునే మహానుభావులు, అందులోని మూడో పట్టికను తయారు చేసే బాధ్యత మేడమ్‌కు అప్పగించారు. ఎక్స్‌రే టెక్నీషియన్లకు ఏ దేశంలో ఎంత చదువు ఉందో చెప్పే పట్టిక అది. మేడమ్ ఏడు దేశాల పాఠ్య ప్రణాళికలను ముందేసుకుని, తొమ్మిది నెలలు కూర్చుని, మొత్తాన్ని ఒక్క పేజీలోకి తెచ్చారు. అందులో ఒక గడి పేరు "విద్యాకాలం, సంవత్సరాల్లో". కనీసం మూడేళ్లు ఉంటే గుర్తింపు.

పెద్ద సార్ ఆ పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి మురిసిపోయారు. "ఏడు దేశాల్ని ఒక్క పేజీలో కూర్చోబెట్టావమ్మాయ్! మా అమ్మాయి పెళ్లిలో బంధువుల్నే నేనిలా కూర్చోబెట్టలేకపోయాను" అన్నారు. 1998లో ఏడుగురు మంత్రులు సంతకాలు చేశారు. ఫొటోలు దిగారు. ఆ ఫొటోలో మేడమ్ చివరి వరసలో, సగం భుజంతో కనిపిస్తారు.

మరుసటి ఏడాది, 1999 ఫిబ్రవరిలో, కార్యాలయానికి పొరుగు దేశం నుంచి ఒక ఫోను వచ్చింది. మాట్లాడింది మేడమ్‌గారి వదిన. వంతెనలు కట్టే కంపెనీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ఉన్న అన్నగారికి అక్కడ పని దొరికింది. వదినగారు ఇక్కడ పెద్దాసుపత్రిలో పదకొండేళ్లు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి, ఆయన వెంట అక్కడికి వెళ్లి, లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నారు.

"మరదలా, పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు వదినా. చెప్పు."

"ఉంటే ఉండనీ. నా దరఖాస్తు తిప్పికొట్టారు. మూడో పట్టిక ప్రకారం నా రెండేళ్ల చదువు చాలదట. ఆ పట్టిక మీ ఆఫీసులోనే ఎవరో మహానుభావుడు రాశాడట కదా, ఎవరో కనుక్కో. సెలవులకు వచ్చినప్పుడు ఆయన ఛాతీకి నేనే ఒక ఎక్స్‌రే తీస్తా. లోపల గుండె అనేది ఉందో లేదో చూద్దాం."

మేడమ్ రిసీవర్‌ను రెండో చెవికి మార్చుకున్నారు.

"ఏం, మాట్లాడవేం?"

"ఆ మహానుభావుణ్ని నేనే వదినా."

వదినగారు ఎంతో మెల్లగా, "భోంచేశావా?" అని అడిగి, జవాబు వినకుండానే ఫోన్ పెట్టేశారు. చెడామడా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదని మేడమ్ ఇప్పటికీ అంటారు.

ఆ రోజే ఇనప బీరువా తెరిచి, తన పట్టికను తానే పరాయిదానిలా చదివారు. తప్పు చాలా చిన్నది, చాలా శుభ్రమైనది. మన దేశంలో ఎక్స్‌రే శిక్షణ అంటే రెండేళ్లు కళాశాలలో, తర్వాత ఏడాదిన్నర ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో. అయితే ఆ ఏడాదిన్నరలో శిక్షణార్థుల హాజరు కళాశాల పట్టీలో ఉండదు, ఆసుపత్రి సిబ్బంది పట్టీలో ఉంటుంది. మేడమ్ కళాశాల పట్టీలు మాత్రమే చూశారు. మూడున్నరేళ్ల శిక్షణ ఆవిడ కలం కింద రెండేళ్లయింది. అలా జారిపోయిన ఏడాదిన్నరతో బాటు దేశంలోని నాలుగు వేల మంది టెక్నీషియన్లకు సరిహద్దు తలుపు మూసుకుంది.

మేడమ్ ఒక నోట్ రాసి పెద్ద సార్ ముందు పెట్టారు. "మూడో పట్టికలో తప్పు ఉంది. అది నాది" అని మొదటి వాక్యం.

పెద్ద సార్ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది ఫైలుకెక్కితే నీ ప్రమోషన్ వెనక్కి పోతుంది. తెలుసా?"

"ఎక్కకపోతే ముందుకు పోయేది నేనొక్కదాన్నే కదండీ."

నోట్ ఫైలుకెక్కింది. ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది. వదినగారు పొరుగు దేశంలోనే ఒక ఆసుపత్రిలో, ఎక్స్‌రే గది బయట, రోగుల పేర్లు పిలిచి లోపలికి పంపే ఉద్యోగంలో చేరారు. మెషిన్ గోడకు అటువైపు, ఆవిడ ఇటువైపు. లోపలున్న కుర్రవాళ్లు భుజం ఎక్స్‌రేను వంకరగా తీస్తుంటే, బయటి నుంచి మెషిన్ శబ్దాన్ని బట్టే ఆవిడకు తెలిసిపోయేదట.

సంతకాలైన పట్టికను మార్చాలంటే సమీక్ష సమావేశం జరగాలి. అది అయిదేళ్లకొకసారి. మార్పుకు ఏడు దేశాలూ ఒప్పుకోవాలి. 2003 సమీక్షకు మేడమ్ లెక్కతో వెళ్లారు. నెలకు ఇరవై నాలుగు పనిదినాలు, రోజుకు ఆరు గంటలు, పద్దెనిమిది నెలలు. మొత్తం రెండు వేల అయిదు వందల తొంభై రెండు గంటల ఆసుపత్రి శిక్షణ. బడిలో లెక్కల మాస్టారయిన వారి శ్రీవారు మూడుసార్లు సరిచూసి, "ఈ గుణకారానికి ఇంతమంది అధికారులు కావలసి వచ్చారా?" అని అడిగారట. పొరుగు దేశపు మూడేళ్ల కోర్సులో ఆసుపత్రి శిక్షణ వెయ్యిన్ని నూట నలభై గంటలే. ఏళ్లు తీసేసి గంటలు పెడితే మనవాళ్లు వెనకబడ్డవాళ్లు కారు, ముందున్నవాళ్లు.

అవతలి పక్షం, అంటే ఆ పొరుగు దేశపు బృందం, నాయకుడిని మనవాళ్లు చక్కెర సార్ అనేవాళ్లు. ఆయన నోటి వెంట "కుదరదు" అన్న మాట ఎవరూ వినలేదు. "తప్పకుండా పరిశీలిద్దాం" అంటూనే తలుపులు వేయగల దిట్ట. ఆయన మేడమ్ లెక్కను శ్రద్ధగా విని, ఒక్క ప్రశ్న వేశారు.

"గంటలున్నాయి, సంతోషం. ఆ గంటల్లో పక్కన నిలబడి నేర్పిందెవరు? ఎవరూ లేకపోతే అది పనే గాని చదువు కాదు కదండీ?"

అందుకు రుజువు మేడమ్ తెచ్చిన ఫైళ్లలో ఎక్కడా లేదు. సమీక్ష ముగిసింది. పట్టిక అలాగే మిగిలింది.

ఇంకొకరయితే అక్కడితో చేతులు దులుపుకునేవారు. మేడమ్ నేరుగా వదినగారికి ఫోన్ చేశారు.

"మీరంతా శిక్షణలో ఉన్నప్పుడు పక్కన సీనియర్ ఉన్నట్టు ఎక్కడైనా రాతలో ఉంటుందా వదినా?"

"ఎందుకుండదు? డార్క్‌రూమ్ రిజిస్టర్‌లో ఉంటుంది. ఫిల్ము కడిగేటప్పుడు నంబరు, తీసినవాళ్ల పొడి అక్షరాలు, పక్కన డాక్టరు సంతకం. సంతకం లేకపోతే ఫిల్ము బయటికే వచ్చేది కాదు. ఇంతకాలం అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదేం?"

"నువ్వు పట్టికలు రాసే మనిషివి. అన్నీ తెలుసనుకున్నా."

అలా వేట మొదలయింది. ఆసుపత్రులన్నీ ఫిల్ములు వదిలి కంప్యూటర్లకు మారుతున్న రోజులవి. డార్క్‌రూములను ఖాళీ చేసి చీపుర్లు, బకెట్లు పెట్టుకుంటున్నారు. మేడమ్ సెలవులు పెట్టుకుని ముప్పై ఒక్క ఆసుపత్రులు తిరిగారు. చాలాచోట్ల రిజిస్టర్లు చెదలు తినేశాయి. కొన్నిచోట్ల "అవా? పోయిన ఏడే పారేశాం" అన్నారు. 2006 మార్చిలో ఒక ఆసుపత్రి స్టోర్‌కీపర్ ఇంకా ఘోరమైన మాట చెప్పాడు.

"పొద్దున్నే కాగితాల వ్యాపారి బండిలో వేసుకుపోయాడమ్మా. అరగంట ముందు వచ్చుంటే దొరికేవి."

మేడమ్ వ్యాపారి చిరునామా రాయించుకుని, దొరికిన మొదటి బండెక్కారు. గోదాము చేరేసరికి పాత పుస్తకాలను చింపి, అట్టలు ఒక పక్కకు, కాగితాలు ఒక పక్కకు వేస్తున్నారు. మేడమ్ చేతిసంచి నేలమీద పెట్టి, ఆ గుట్టలోకి నడుముదాకా దిగిపోయారు. వ్యాపారి నోరెళ్లబెట్టాడు.

"ఏంటమ్మా, అందులో నగలేమైనా ఉండిపోయాయా?"

"మూడొందల మంది బతుకులున్నాయి బాబూ. ఆ చింపేవాళ్లను కాసేపు ఆపు."

"ఏయ్, ఆపండ్రా! ఈవిడెవరో పోలీసులా ఉంది!"

పోలీసు కాదని తెలిశాక కూడా అతను ఆపే ఉంచాడు. తనే వచ్చి ఒక పక్కన కూర్చుని వెతికి పెట్టాడు. సాయంత్రానికి పద్నాలుగు రిజిస్టర్లు దొరికాయి. ఒక దానికి అట్ట లేదు. ఆ పద్నాలుగూ ఇప్పుడు మన బీరువా రెండో అరలో ఉన్నాయి. కొత్తవాళ్లు చేతులు కడుక్కుని ముట్టుకోవాలని మేడమ్ ఆజ్ఞ.

ఇక 2008 సమీక్ష. అయిదు రోజుల సమావేశం. పొడవాటి బల్ల, ఏడు చిన్న జెండాలు, ఎంత తగ్గించినా తగ్గని ఏసీ. మొదటి ఉదయమే మేడమ్ మైకు ముందుకు వంగి, "చర్చ మొదలుపెట్టే ముందు ఒక సంగతి నమోదు చేయించాలి. ఈ పట్టిక మారితే లాభపడే వాళ్లలో మా వదిన ఒకరు. ఆవిడ మళ్లీ పెట్టుకున్న దరఖాస్తు ఎదుటి పక్షం వారి శాఖలోనే పెండింగులో ఉంది" అన్నారు. గదిలో గుసగుసలు. చక్కెర సార్ మాత్రం తల పంకించి, తన పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

ఆయన రాసుకున్నదేమిటో నాలుగో రోజు మధ్యాహ్నం టీ విరామంలో తెలిసింది. కిటికీ దగ్గరకు వచ్చి, కప్పు మేడమ్ చేతికి తానే అందించారు.

"మీ వదినగారి ఫైలు తెప్పించి చూశానండీ. పదకొండేళ్ల అనుభవం, మంచి రికార్డు. అలాంటివారికి ప్రత్యేక అనుమతి ఇచ్చే అధికారం మా శాఖకు ఉంది. రేపు ఉదయం పదింటికల్లా సంతకం అయిపోతుంది. మీరు మూడో పట్టికను వచ్చే సమీక్షకు వాయిదా వేయండి. అందరికీ గౌరవంగా ఉంటుంది."

వదినగారికి నలభై అయిదేళ్లు. మెషిన్‌కు దూరమై తొమ్మిదేళ్లు. రేపు చర్చ ఓడిపోతే పట్టికా లేదు, ప్రత్యేక అనుమతీ లేదు. మళ్లీ సమీక్ష వచ్చేసరికి ఆవిడకు యాభై. ఒక్క తల ఊపుతో పదింటికల్లా పని అయిపోతుంది. పోగొట్టిన చేత్తోనే తిరిగి ఇచ్చినట్టూ అవుతుంది. కప్పులోని టీ సగం తాగారు. మిగతా సగం కిటికీ గట్టు మీద పెట్టారు.

"మా వదినకు అర్హత ఉందని మీరే అంటున్నారు కదండీ?"

"నిస్సందేహంగా."

"ఉంటే ఆవిడలాంటి నాలుగు వేల మందికీ ఉంది. లేకపోతే ఆవిడకూ లేదు. రెండింట్లో ఏదో రేపు బల్ల దగ్గర తేల్చుకుందాం."

చక్కెర సార్ నవ్వి, "తప్పకుండా" అన్నారు. మేడమ్ ఆ సాయంత్రమే, జరిగింది జరిగినట్టు ఒక నోట్ రాసి పెద్ద సార్‌కు పంపి ఫైలు చేయించారు. వదినగారికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

అయిదో రోజు మేడమ్ పద్నాలుగు రిజిస్టర్లను బల్లమీద పేర్చారు. ఆవిడకొక పద్ధతి ఉంది. ముసాయిదాను చదివి వదిలేయరు, అందులోంచి ఒక మనిషిని నడిపించి చూస్తారు. నిజమైన ఒక శిక్షణార్థిని తీసుకుని, చేరిన రోజు నుంచి చివరి రోజు దాకా, ప్రతి నిబంధనా దాటుకుంటూ వెళ్లగలరా లేదా అని చూడడం. "ఎవరిని నడిపించాలో మీరే ఎంచుకోండి" అని రిజిస్టర్లను చక్కెర సార్ వైపు జరిపారు.

ఆయన అట్ట లేనిదాన్ని తీసుకున్నారు. మధ్యలో తెరిచారు. వేలితో వరస వెంట దిగుతూ వచ్చి, ఒకచోట ఆగారు. ఆయన ముఖం వికసించింది.

"మేడమ్, ఇక్కడ మూడు రోజులు డాక్టరు సంతకం గడి ఖాళీగా ఉంది."

మన జట్టులో ఒకరు అప్పుడే ఫైలు కట్ట తాడు ముడి వేయడం మొదలుపెట్టారు. మేడమ్ లేచి, బల్ల చుట్టూ నడిచి వెళ్లి, ఆయన పక్కన వంగి ఆ పేజీని చూశారు. చాలాసేపు చూశారు.

"పక్క గడి చదవండి సార్. ఫిల్ము నంబర్ల గడి."

ఆయన చూశారు.

"బిగ్గరగా చదవండి, దయచేసి."

"అదీ ఖాళీయే."

"మూడు రోజులూ?"

"మూడు రోజులూ."

"డాక్టరు సెలవులో ఉన్నాడు. పక్కన నిలబడే మనిషి లేడు కాబట్టి ఆ మూడు రోజులూ శిక్షణార్థుల చేత ఒక్క ఫిల్మూ తీయించలేదు. నాలుగో రోజు సంతకం వచ్చింది, నంబర్లూ మొదలయ్యాయి. నేర్పేవాడు లేని రోజున పనే ఆగిపోయింది. మీరు అయిదేళ్ల కిందట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదేనండీ. ఆ మూడు రోజులూ మన లెక్కలోంచి తీసేయండి. పద్దెనిమిది గంటలు తగ్గుతాయి, నాకేం అభ్యంతరం లేదు."

ముందుగా నవ్వింది చక్కెర సార్. ఈసారి నిజమైన నవ్వు. తర్వాత ఇంకో మూడు రిజిస్టర్లు తెరిచారు, ఇంకో ముగ్గురిని నడిపించారు. ముగ్గురూ దాటారు. మధ్యాహ్నం భోజనాల వేళకు మూడో పట్టికలో "సంవత్సరాలు" పోయి "పర్యవేక్షణలో గడిపిన గంటలు" వచ్చాయి. ఒక్క షరతు మాత్రం ఆయన పెట్టారు. అయిదేళ్లకు మించి మెషిన్‌కు దూరంగా ఉన్నవాళ్లు ఆరు నెలల్లోగా ప్రాయోగిక పరీక్ష పాస్ కావాలి. అది ఎవరికి తగులుతుందో బల్ల దగ్గరున్న ప్రతివాళ్లకూ తెలుసు. షరతు న్యాయమైనదేనని మేడమ్ ఒప్పుకున్నారు. ఒప్పుకుని కారిడార్‌లోకి వెళ్లి ఫోన్ చేశారు.

"గెలిచాం వదినా. కాకపోతే..."

"కాకపోతే ఏంటి? నీ కాకపోతేలంటే నాకు దడ."

"నువ్వు పరీక్షకు వెళ్లాలి. మెషిన్ ముందు."

"నలభై అయిదేళ్లొచ్చాక నన్ను బడికి పంపిస్తున్నావన్నమాట! నీకేం, హాయిగా ఏసీలో కూర్చుని రాసేస్తావు."

"కష్టమా వదినా?"

"కష్టం నాకు కాదే, మీ అన్నయ్యకు. రోజూ ఆయన్నే బల్లమీద పడుకోబెట్టి ప్రాక్టీసు చేస్తా."

అన్నంత పనీ చేశారు. ఆరు నెలలపాటు అన్నగారు పని నుంచి రాగానే బూట్లు విప్పి, భోజనాల బల్లమీద ఎడమవైపుకు, కుడివైపుకు, మోకాలు మడిచి, గడ్డం ఎత్తి పడుకునేవారు. ఫిల్ము ప్లేటుకు బదులు మందపాటి అట్ట. "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అనేవారు వదినగారు. "పాతికేళ్లుగా అదే చేస్తున్నానుగా" అనేవారు అన్నగారు. ఆరో నెలలో పరీక్ష, ఏడో నెలలో లైసెన్సు, కొత్త పట్టిక కింద నంబరు ముప్పై ఒకటి. రోగుల పేర్లు పిలవడానికి ఆ గుమ్మం దగ్గర వేరే మనిషిని పెట్టారు. వదినగారు లోపలికి నడిచారు. పద్నాలుగేళ్లు ఆ మెషిన్ దగ్గరే పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యారు. మూడో పట్టిక కింద ఇప్పటివరకు సరిహద్దు దాటిన మనవాళ్లు రెండు వేల ఆరు వందల పైచిలుకు.

ఆ తర్వాత మేడమ్‌గారి ప్రయాణం మనందరం కళ్లారా చూసినదే. 2010లో ఉపసంచాలకులు, 2017లో సంచాలకులు. ఫిజియోథెరపిస్టులు, సర్వేయర్లు, భవన నిర్మాణ ఇంజనీర్లు, ఒక్కొక్క పట్టిక ఆవిడ చేతిమీదుగా గంటల్లోకి మారింది. సర్వేయర్ల ముసాయిదాలోంచి మనిషిని నడిపించినప్పుడు, ఆ మనిషి రెండో నిబంధన దగ్గరే ఇరుక్కుని, పదకొండు రోజులు కదలకపోవడం, ఆ పదకొండు రోజులూ మేడమ్ మనల్నెవరినీ కదలనివ్వకపోవడం ఇంకా మన ఒళ్లు నొప్పుల్లో ఉంది. మనిషిని నడిపించకుండా ఏ పట్టికా గది దాటకూడదన్నది ఇప్పుడు కార్యాలయ నియమం. ఇంత పనిలోనూ ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు తెలిసేది ఆవిడకే. సెలవు చీటీ రాసుకోవడం చేతకానివాళ్లకు రాసిపెట్టింది కూడా ఆవిడే. ఈ ముప్పై అయిదేళ్లూ ఇంటిని, లెక్కల్ని, మేడమ్‌ను ఓర్పుతో చూసుకున్న మాస్టారుగారికి ఈ సందర్భంగా మన విభాగం తరఫున ప్రత్యేక నమస్కారాలు.

ఈ సంచిక కోసం పాత ఫైళ్లు తిరగేస్తుండగా 2008 నాటి ఆ టీ విరామం నోట్ బయటపడింది. మేడమ్‌కు చూపిస్తే ముఖం పాలిపోయింది.

"ఇది వేయకండి. వదినకు తెలియదు."

పదిహేడేళ్లు. ఆవిడ చెప్పకపోవడానికి కారణం కూడా ఆవిడే చెప్పారు. వదిన తరఫున తాను కాదన్నది వదిన సొమ్ము. వదిన ఆ ఆరు నెలలు, అంత వయసులో, పడ్డ శ్రమంతా తన ఒక్క మాట వల్ల. ఆ సంగతి తెలిశాక వదిన తనను మళ్లీ "మరదలా" అని పిలుస్తుందో లేదో అన్న భయం. మరునాడు ఉదయం మేడమే మన బల్ల దగ్గరకు వచ్చి, "వేయండి. కానీ ముందు నేను చెప్పాలి" అన్నారు.

వీడ్కోలు సభకని వదినగారు వారం ముందే వచ్చి మేడమ్ ఇంట్లో ఉన్నారు. ఆదివారం పదకొండు గంటల వేళ, ముందుగదిలో, ఇద్దరూ ఉతికిన దుప్పటిని చెరోవైపు పట్టుకుని మడత పెడుతున్నారు. మాస్టారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు గాని, అరగంటగా పేజీ తిప్పలేదు. మేడమ్ అంతా చెప్పేశారు. కిటికీ, కప్పు, పదింటికల్లా సంతకం, తాను అన్న మాట. ఇక్కడ రాస్తున్నది ఇద్దరి అనుమతితోనే.

వదినగారు దుప్పటి కొన వదల్లేదు.

"అంటే లైసెన్సు నా గుమ్మం దాకా వచ్చి వెనక్కిపోయింది."

"అవును వదినా."

"మీ అన్నయ్య నడుము పట్టేసింది ఆ ఆరు నెలల్లోనే."

"తెలుసు."

"వద్దన్నందుకు నాకు కోపం లేదు. కానీ వద్దనాల్సింది నేను. అది నాది. నాకొక్క ఫోన్ చేస్తే నేను వద్దనేదాన్ని కదా! ఆ మాట అనే ముచ్చట కూడా నువ్వే తీర్చుకున్నావు."

మేడమ్ కళ్లు తుడుచుకున్నారు. "నిజమే. అడగాల్సింది. తప్పే." అంతలోనే, "నిజంగా వద్దనేదానివా?" అన్నారు.

వదినగారు దుప్పటిని లాగి, ఆఖరి మడత తానే వేసి, మరదలి చేతుల్లో పెట్టారు.

"ఏమో! తీసుకునేదాన్నేమో కూడా. నాకు తెలుసు గాని, నీకిప్పుడు చెప్పను. నువ్వు పదిహేడేళ్లు కడుపులో పెట్టుకుని కూర్చున్నావుగా, నేనూ పదిహేడేళ్లు పెట్టుకుంటా. తర్వాత చెప్తా."

"అప్పటికి నాకు డెబ్భై ఏడు!"

"నాకు డెబ్భై తొమ్మిది. మోకాళ్లు జాగ్రత్తగా చూసుకో మరదలా, రోజూ నడువు. వినకుండా పోయావంటే ఊరుకోను."

పేపరు వెనక నుంచి మాస్టారు, "2042 జులై" అన్నారు, లెక్క అడక్కపోయినా.

కనుక, గంటల మేడమ్‌గారికి మన విభాగం యావత్తూ ముక్తకంఠంతో చేసుకుంటున్న విన్నపం ఇది. తమరు నిండైన ఆరోగ్యంతో, చక్కటి చూపుతో, గట్టి మోకాళ్లతో, మాస్టారుగారి సాహచర్యంలో, అన్నావదినల ప్రేమలో, 2042 జులై దాకా తప్పనిసరిగా వర్ధిల్లాలి. వదినగారి జవాబు విన్నాక, దాని మీద వాదించడానికి ఇంకో ఇరవై ఏళ్లు సుఖంగా జీవించాలి. ఆ జవాబేమిటో తెలుసుకోవాలని ఈ మూడో అంతస్తులో ఇరవై రెండు మందిమి ఎదురుచూస్తుంటాం.